ముందు చెత్తబండి వెనకాల నడువు

తిరుపతి

చిరంజీవి పద్మకు పెద్దనాయన ఆశీస్సులు.

అమ్మణ్ణీ, నువ్వు పంపిన ప్రణాళిక వాట్సాప్‌లో చదివాను. వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీగా చేరిన వారానికే ఊరేగింపు, బ్యానర్లు, స్కూలు పిల్లల నినాదాలు, గోడలమీద బొమ్మలు అని పేజీ నిండా రాశావు. ఫోనులో చెప్తే "సరే పెద్దనాయనా, సరే" అని వినేసి వదిలేస్తావని కూర్చుని ఉత్తరం రాస్తున్నా. శానిటరీ ఇన్‌స్పెక్టరుగా నా ఉద్యోగమంతా ఈ ఊరి కసువు మధ్యే గడిచింది. మిగతా విషయాల్లో నా మాట వినకపోయినా ఇందులో విను.

ఊరేగింపు వద్దనడంలేదు, కొన్నాళ్ళు వెనక్కి నెట్టమంటున్నా. తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు అని తిరుపతిలో తెలియని మనిషి ఎవరమ్మా? 2000లో కేంద్రం మున్సిపల్ చెత్తమీద నిబంధనలు తెచ్చినప్పటి నుంచీ ఇదే మాట చెబుతున్నాం. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. 2016లో ఆ పాత నిబంధనలు తీసేసి కొత్తవి పెట్టారు. 2021 అక్టోబరు 2న మన రాష్ట్రంలో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) అని మొదలుపెట్టి ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు ఇంటింటికీ పంచారు. 2025 నుంచి నెలనెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర అంటున్నారు. చెత్తబండి మైకులో పాట రోజూ మోగుతూనే ఉంది. ఇన్నేళ్ళయినా చాలా ఇళ్ళల్లో ఆకుపచ్చ డబ్బాలో నీళ్ళు పట్టుకుని, నీలం డబ్బాలో బియ్యం పోసుకుంటున్నారంటే అది తెలియక జరుగుతున్నది కాదు.

ఒక ఇల్లాలు కూరగాయల తొక్కలు ఒకదాంట్లో, కవర్లూ అట్టపెట్టెలూ ఇంకోదాంట్లో సర్ది, బండి పాట వినబడగానే పరిగెత్తుకుంటూ తెచ్చి ఇచ్చిందనుకో. కళ్ళముందే హెల్పరు రెండూ ఒకే గదిలో గుమ్మరించాడనుకో. ఆమె ఇక జన్మలో వేరు చెయ్యదు. తను మానెయ్యడంతో ఆగదు, ఎదురింటామెకూ పైపోర్షనామెకూ "అంతా ఒకటే చేస్తారు, ఎందుకు శ్రమ" అని చెప్పి మరీ మాన్పిస్తుంది. పొరపాటు ఆమెది కాదు. ఆ ఒక్క గుమ్మరింత చేసిన నష్టాన్ని పది ఊరేగింపులు పూడ్చలేవు. అందుకని నీ పని ఇళ్ళ దగ్గర మొదలవ్వదు, బండి దగ్గర మొదలవుతుంది.

పొద్దున్నే పనివాళ్ళకు మస్టరు (హాజరు) వేసే చోటికి పో. మేస్త్రీని పలకరించి, ఒక బండి ఎంచుకుని, దాని వెనకాలే బీటు (అది రోజూ తిరిగే దారి) మొదటి ఇంటి నుంచి చివరి ఇంటిదాకా నడువు. స్కూటీమీద కాదు, కాళ్ళమీద. ఫోటోలు తియ్యొద్దు, ఎవరినీ తిట్టొద్దు. ఊరికే చూడు. బండిలో గదుల మధ్య రేకు ఉందా, ఊడిపోయిందా? ఎక్కడికొచ్చేసరికి ఏ గది నిండింది? తడిచెత్త బరువు ఎక్కువ, చోటు తక్కువ. పొడిచెత్త బరువు ఉండదు గానీ చోటంతా అదే తింటుంది. నాలుగు అట్టపెట్టెలు, ఒక థర్మోకోల్ ముక్క, రెండు పాత దిండ్లు పడ్డాయంటే పొడి గది అయిపోయినట్టే. బీటులో సగం ఇళ్ళు ఇంకా మిగిలే ఉంటాయి. అప్పుడు హెల్పరేం చేస్తాడు? తడిమీద వేస్తాడు. వాడి బద్ధకం అని రాసెయ్యడం సులువు. బండిలో చోటు లేదు, అసలు సంగతి అది.

దీనికి మందు పెద్ద ఖర్చుది కాదు. బండి రెండు పక్కలా కొక్కేలు వేయించి గోతాలు తగిలించు. ఒకదాంట్లో నీళ్ళ సీసాలు, ఒకదాంట్లో అట్టలూ కాగితాలూ, ఇంకోదాంట్లో పాల కవర్లు. బాగా చోటు తినేవి ఈ మూడే. ఇవి బయటికెళ్ళిపోతే పొడి గది చివరి ఇంటిదాకా సరిపోతుంది. శానిటరీ నాప్‌కిన్లకూ డైపర్లకూ మూతున్న చిన్న డబ్బా ఒకటి వెనకాల కట్టించు. ఎరుపు డబ్బా ఇంట్లో ఉండి బండిలో లేకపోతే ఏం లాభం? రేకు ఊడిపోయి ఉంటే అది బిగించేవరకూ ఆ వీధిలో ఎవరికీ "వేరు చెయ్యండి" అని చెప్పొద్దు. చెప్పావా, అబద్ధం చెప్పినట్టే.

బండి ఖాళీ చేసే చోటుకూ పో. తర్వాత మన ఊరి చెత్తను శుద్ధిచేసే తూకివాకం పో. చాలామంది సెక్రటరీలు ఏళ్ళతరబడి ఉద్యోగం చేసి కూడా తూకివాకం ప్లాంటు చూసి ఉండరు. ఎక్కడ ఇస్తున్నామో చూడకుండా ఇవ్వమని జనానికెట్లా చెబుతావు? అక్కడ తడిచెత్త ఎరువూ గ్యాసూ కావాలి. అందులో ఒక కవరు పడితే మిషను పళ్ళకు చుట్టుకుంటుంది, గాజుముక్క పడితే ఎరువులోకి పోతుంది. గాజు పెంకులున్న ఎరువును ఏ రైతు చేతితో చల్లుతాడు? రామాపురం డంపింగ్ యార్డుకు కూడా వీలుచేసుకుని పో. ఒకప్పుడు కలిపి పోసిన గుట్టలను మళ్ళీ తవ్వి, జల్లెడ పట్టి, మట్టి ఒక పక్క, గుడ్డా ప్లాస్టిక్కూ ఒక పక్క చెయ్యడాన్నే బయోమైనింగ్ అంటారు. వంటింట్లో రెండు డబ్బాలతో ఊరికే అయ్యే పనికి దశాబ్దాల తర్వాత టన్నుకింత అని డబ్బు కడతాం. వేసవిలో అట్లాంటి గుట్టలు ఎందుకు అంటుకుంటాయో కూడా అక్కడివాళ్ళనే అడుగు. లోపల గాలాడక కుళ్ళే తడిచెత్త మీథేన్ గ్యాసు వదులుతుంది. పైన పొడి ప్లాస్టిక్ ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇవన్నీ చూశాక ఇళ్ళకు పో. అప్పుడు నీ మాటలో పస ఉంటుంది. "మీరిచ్చిన తొక్కలు ఎక్కడికి పోతున్నాయో నేను చూసొచ్చాను" అని చెప్పగలిగితే చాలు, ఇంకే నినాదమూ అక్కర్లేదు.

వార్డు మొత్తం ఒకేసారి పట్టుకోకు. ఒక మైక్రో పాకెట్, అంటే ఒక బండి తిరిగే మూడొందల ఇళ్ళు తీసుకో. అదీ నీకు అనుకూలమైనది కాదు, కొంచెం కలగాపులగంగా ఉన్నది. నాలుగు అపార్ట్‌మెంట్లు, ఒక పాత వీధి, ఒక బ్యాచిలర్ల మేడ, రెండు టిఫిను బండ్లు ఉండాలి. అక్కడ నిలబడితే ఎక్కడైనా నిలబడుతుంది.

ఇంట్లో ఎవరితో మాట్లాడాలో తెలుసుకో. మీటింగుకొచ్చి కుర్చీలో కూర్చుని తలూపేది ఇంటాయన. డబ్బా బయటికి తెచ్చేది పనిమనిషో, ముసలమ్మో, అపార్ట్‌మెంటయితే వాచ్‌మన్ పెళ్ళామో. హాస్టలయితే వంటమనిషి. డబ్బా పట్టుకునే చెయ్యి ఎవరిదో ఆ మనిషికి చెప్పాలి, ఆ మనిషి పేరు పెట్టి పిలవాలి. మెప్మా (పట్టణ పొదుపు సంఘాలను చూసే సంస్థ) రిసోర్స్ పర్సన్లు నీ వార్డులో ఉన్నారు కదా, వాళ్ళకు ఏ ఇంట్లో ఎవరు పనిచేస్తారో నీకన్నా బాగా తెలుసు. పొదుపు సంఘం మీటింగులో అయిదు నిమిషాలు అడుగు. పనిమనుషులు సగంమంది అక్కడే దొరుకుతారు. ఒక్కొక్కరు నాలుగైదు ఇళ్ళల్లో చేస్తారు గనుక ఒకరికి చెప్తే నాలుగైదు ఇళ్ళకు చెప్పినట్టే.

ఇక నీకు అన్నిటికన్నా ఎక్కువ తలనొప్పి తెచ్చేది కవరు. "మేం వేరే చేస్తున్నాం మేడమ్" అంటారు. చూస్తే నిజమే, తడిచెత్త అంతా విడిగా ఒక ప్లాస్టిక్ కవర్లో ముడివేసి ఉంటుంది. అది తడిచెత్త కాదు. ఆ ముడి విప్పేవాళ్ళు ఎవరు? మూడొందల ఇళ్ళ ముడులు హెల్పరు విప్పడు, విప్పలేడు. తూకివాకంలో అసలే కుదరదు. యాప్‌లో వేరుచేసిన ఇంటి కింద లెక్కపడి, నిజంలో కలిసిపోయే చెత్త ఇదే. దీనిమీద గట్టిగా పట్టుబట్టు. డబ్బా అడుగున పాత ఈనాడో సాక్షో రెండు కాగితాలు పరిచి, దాంట్లో నేరుగా వెయ్యమను. కారేవి ముందు వంటగట్టు జల్లెడలో వడకట్టుకోమను. డబ్బా కడగడం రోతనిపిస్తుంది, అందుకే కవరు. ఆ రోత నిజమే, కాదనకు. "కడిగిన నీళ్ళు మొక్కకు పొయ్యండి" అంటే వినేవాళ్ళు కొందరుంటారు, కాగితం పరిస్తే కడిగే పని తగ్గుతుందంటే వినేవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉంటారు.

కలిపి ఇచ్చిన చెత్త తీసుకోవద్దని నీకు పైనుంచి ఆర్డరు వస్తుంది. కాగితంమీద అది సరైనదే. కానీ మొదటిరోజే తిప్పి పంపావంటే ఆ చెత్త ఆ రాత్రికే సందు చివర కాలవలోకి చేరుతుంది. 2021 నవంబరు వానల్లో ఈ ఊరి వీధుల్లో నీళ్ళు ఎట్లా నిలిచాయో నువ్వూ చూశావు. కాలవల పూడిక తీసేటప్పుడు బయటపడేది మట్టికన్నా కవర్లే. కొన్నాళ్ళపాటు తీసుకో, కానీ వాళ్ళ ముందే డబ్బా తెరిచి, తప్పు పడిన ఒక్క వస్తువును మాత్రం చేతికి తిరిగివ్వు. "అక్కా, ఈ డైపరు పేపర్లో చుట్టి విడిగా ఇయ్యండి" అని నవ్వుతూ చెప్పు. మొత్తం డబ్బా తిప్పి పంపితే కోపం వస్తుంది, ఒక వస్తువు తిప్పి ఇస్తే సిగ్గేస్తుంది. పదిసార్లు చెప్పినా మారని ఇళ్ళు ఏవో అప్పటికి నీకే తెలిసిపోతాయి. జరిమానా వాళ్ళకోసం దాచిపెట్టుకో.

మనది ఇళ్ళ ఊరు మాత్రమే కాదన్న సంగతి మర్చిపోవద్దు. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి జనం 2 లక్షల 87 వేలు. కొండమీదికి రోజూ 60, 70 వేలమంది వస్తారు. వాళ్ళలో చాలామంది కింద ఒక పూట తిని, ఒక రాత్రి పడుకుని పోయేవాళ్ళే. వాళ్ళు వదిలేసే చెత్తకు డబ్బాలు పంచితే లాభంలేదు, ఎందుకంటే వాళ్ళకు ఇక్కడ ఇల్లే లేదు. వాళ్ళ చెత్త లాడ్జీల్లో, హోటళ్ళలో, బస్టాండు దగ్గర, అలిపిరిలో ఉంటుంది. కొండమీద ప్లాస్టిక్ నీళ్ళసీసాలు నిషేధం కాబట్టి చాలా సీసాలు కిందే పడతాయి. పైన గాజు సీసా కొని, ఖాళీది తిరిగిస్తే డిపాజిట్ డబ్బు వెనక్కిస్తారు చూడు, ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది. ఎవరూ ఉపన్యాసం చెప్పరు, డబ్బులకోసం సీసా దానంతటదే వెనక్కొస్తుంది. నీ వార్డులో కొబ్బరిబోండాల బండ్లుంటే వాళ్ళతో వేరే మాట్లాడు. బోండాలు తడి గదిలో వేస్తే బండి సగం వాటితోనే నిండుతుంది, ముక్కలు చెయ్యకుండా కుళ్ళవు కూడా. వాటికి వేరే ట్రాక్టరు ట్రిప్పు అడిగి పెట్టించుకో.

హోటళ్ళూ కల్యాణమండపాలూ అసలైన లెక్క. 2016 నిబంధనల్లో రోజుకు సగటున 100 కిలోలు దాటి చెత్త వచ్చే చోటును బల్క్ జనరేటరని పెట్టారు. వాళ్ళు తమ తడిచెత్తను వీలైనంతవరకూ తమ ఆవరణలోనే ఎరువో గ్యాసో చేసుకోవాలని అందులో రాశారు. లైసెన్సు లేని చోట 100 మందికి మించి జనంతో ఏదన్నా కార్యక్రమం పెట్టుకుంటే మూడు పనిరోజుల ముందు మున్సిపాలిటీకి చెప్పాలనీ అందులోనే రాశారు. వీధిలో షామియానా వేసి పెళ్ళి చేసేవాళ్ళకు ఈ సంగతి తెలియదు. నోటీసు చేతపట్టుకుని పోకు. నీ బల్లమీద ఫైళ్ళ పక్కన ఒక పంచాంగం పెట్టుకో. ముహూర్తాలు ఏ రోజులో, ఏ రాత్రి నీ వార్డులో ఎంగిలాకులు గుట్టపడతాయో అందులోనే ఉంటుంది. ముందురోజు సాయంత్రమే మండపం మేనేజరుకూ, వంట మేస్త్రీకీ కబురు పెట్టు: ఆకులూ అన్నమూ ఒక డ్రమ్ములో, గ్లాసులూ సీసాలూ ఇంకో డ్రమ్ములో. వంట మేస్త్రీ ఒప్పుకుంటే పని సగం అయినట్టే. మండపం ఓనరు ఒప్పుకుని వంటవాళ్ళకు చెప్పకపోతే ఏమీ కానట్టే.

పేపరు ప్లేట్లు, పేపరు కప్పులు అని మోసపోవద్దు. లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, అవి ఎరువు కావు, కాగితం కిందా అమ్ముడుపోవు. అరిటాకు, మోదుగ విస్తరి ఉన్న ఊళ్ళో వీటి అవసరం ఏముందో నాకెప్పుడూ అర్థం కాదు.

బ్రహ్మోత్సవాలకూ, వైకుంఠ ఏకాదశికీ, రథసప్తమికీ పైనుంచి అదనపు మనుషులూ బండ్లూ వస్తారు. తాతయ్యగుంట గంగమ్మ జాతర మాత్రం వీధుల జాతర. ప్రతి సందులో పొంగళ్ళు, వేపాకు, నిమ్మకాయలు, కోళ్ళు. వేపాకు తడిచెత్తే, కానీ ఈకలూ కోళ్ళ వ్యర్థాలూ దాంతో కలవకూడదు, మాంసం అంగళ్ళ దగ్గర ఆ వారం వేరే డ్రమ్ములు పెట్టించు. ఆ జాతరలో తోటి (ఊరు ఊడ్చే పనివాడి) వేషం కట్టుకునే రోజొకటి ఉంది. వేషం కట్టినవాళ్ళకు దోవ ఇచ్చి దండం పెట్టే ఈ ఊరే మర్నాడు పొద్దున వీధి ఊడ్చే ఆమె మంచినీళ్ళడిగితే ఇంట్లో పనికిరాని గ్లాసు కోసం వెతుకుతుంది. రాయకూడదనుకున్నా, రాసేశా.

గుళ్ళ పూల విషయం తేలిక. టీటీడీ 2021 నుంచి తన గుళ్ళల్లో వాడిన పూలతో అగరుబత్తీలు చేయిస్తోంది. మీ వీధి గుడి పూజారికి అంత ఏర్పాటు ఉండదు, కానీ పూలదండలోంచి దారం, జరీ తీసేసి ఇమ్మంటే తడిచెత్తలో అంతకన్నా మంచి సరుకు లేదు. ఈ మాట పూజారికి నువ్వు చెప్పకు, గుడి ముందు పూలమ్మే ఆమెతో చెప్పించు.

ఇప్పుడు పనివాళ్ళ మాట. చాలామంది సెక్రటరీలు దీన్ని ఆఖర్న పెట్టుకుంటారు, నువ్వు అట్లా చెయ్యకు. చేతికి గ్లవుజులు, కాళ్ళకు బూట్లు ఉన్నాయా, చిరిగితే కొత్తవి వస్తున్నాయా అని వారానికోసారైనా అడుగు. గ్లవుజుల్లేని చేతిని డైపరు వేరుగా పెట్టమని ఏ ముఖంతో అడుగుతావు? అన్నా, అక్కా అని పిలువు. వయసులో చిన్నవాళ్ళయినా సరే, "ఒరే" అనడం మన ఆఫీసుల్లో పాతకాలపు జబ్బు, అది నీకంటకూడదు.

పొడిచెత్తలో పనికొచ్చేవి హెల్పర్లు ఏరుకుని గుజిరీ అంగట్లో అమ్ముకుంటారు. నీ పైవాళ్ళలో కొందరు అది దొంగతనమన్నట్టు చూస్తారు. నీ చేతిలో ఉన్నంతవరకూ ఆపనీయకు. ఆ సీసాలకూ అట్టలకూ వచ్చే నాలుగు డబ్బులే వాళ్ళచేత పొడిచెత్తను విడిగా ఉంచుతున్నాయి. ఆ డబ్బు ఆఫీసు ఖాతాకు మళ్ళించిన మర్నాడే గోతాలు ఖాళీగా వేలాడతాయి. ఇచ్చేదేదో లెక్కప్రకారం, జట్టంతా పంచుకునేటట్టు ఏర్పాటు చెయ్యి, డ్రైవరొక్కడే మింగకుండా చూడు. రోడ్లమీద గోతం భుజాన వేసుకుని ఏరుకునేవాళ్ళను కూడా తరిమెయ్యకు. వాళ్ళు ఏ కార్పొరేషన్ జీతమూ లేకుండా రీసైక్లింగ్ చేస్తున్నవాళ్ళు. ఎవరెవరు, ఏ సందు అని రాసుకుని గుర్తింపు కార్డుకోసం ప్రతిపాదన పెట్టు. అదీ 2016 నిబంధనల్లో పెట్టిందే.

ఒక సాయంత్రం గుజిరీ అంగడిలో కూర్చో. ఏది కొంటారు, ఏది కొనరు అన్నది అక్కడ తెలిసినంత బాగా ఏ శిక్షణలోనూ తెలియదు. నీళ్ళసీసా, షాంపూ డబ్బా, బకెట్టు ముక్క, పాల కవరు వేటికవే రేటు. చిప్స్ ప్యాకెట్టు, బిస్కెట్టు రేపరు ఎవరూ ముట్టరు, లోపల వెండిరంగు పొర ప్లాస్టిక్కుతో అతుక్కుపోయి ఉంటుంది గనుక విడదియ్యడం కుదరదు. అవి సిమెంటు ఫ్యాక్టరీల్లో ఇంధనంగా కాల్చడానికి పోవాల్సిందే. వానపడితే అట్టకు రేటు లేదు. అక్టోబరు నుంచి డిసెంబరుదాకా మన దగ్గర వానలే గనుక ఆ మూడునెలలు బండిమీద టార్పాలిన్ లేకపోతే పొడిచెత్త కూడా తడిచెత్తే. పాల కవరు చివర కత్తిరించి ముక్క పారెయ్యొద్దని ఇళ్ళల్లో చెప్పు, కొంచెం అతుక్కుని వేలాడేటట్టు కత్తిరిస్తే చాలు. ఆ చిన్నముక్కలు ఎవరూ ఏరలేరు. పాత సెల్‌ఫోన్ బ్యాటరీలు మాత్రం ఏ గదిలోనూ పడనీకు. కాంపాక్టరు (చెత్తను అణిచే లారీ) నొక్కినప్పుడు పగిలి మంటలేస్తాయి. వాటికి సచివాలయంలోనే ఒక డబ్బా పెట్టు.

ప్లాస్టిక్ దాడులకు నిన్ను తీసుకుపోతారు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, స్వీటు డబ్బాల చుట్టూ వేసే పొర ఇవన్నీ నిషేధం. చేతి కవర్లయితే 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు తగ్గితే కుదరదు. గుడ్డలాగా కనిపించే ఆ రంగురంగుల సంచులు కూడా గుడ్డ కాదు, ప్లాస్టిక్కే. పూలమ్మే ముసలామె దగ్గర పది కవర్లు పట్టుకుని ఫోటో దిగడం నాకు నచ్చదు. ఆమెకు ఆ కవర్లు అమ్మిన హోల్‌సేల్ అంగడి ఏదో కనుక్కో, అక్కడికి పొమ్మని చెప్పు. చెప్పినా పోకపోవచ్చు, ఎందుకు పోరో నీకు కొన్నాళ్ళకు అర్థమవుతుంది.

సందు చివర చెత్తకుప్పలకు మీరు జీవీపీలని పేరు పెట్టారు. ముగ్గు వేసినా, కుండీలు పెట్టినా రెండోవారానికి మళ్ళీ కుప్ప వస్తుంది. కొందరు గోడమీద దేవుడి బొమ్మ అంటిస్తారు. నువ్వు ఆ పని చెయ్యకు, చివరికి చెత్తలో ఉండేది దేవుడే. కుప్ప పక్కింటివాళ్ళను అనుమానించడం కన్నా రాత్రి తొమ్మిది, పది మధ్య అక్కడ నిలబడు. టిఫిను బండివాడు, పొద్దున ఏడుకే డ్యూటీకి పోయే మొగుడూ పెళ్ళాలు, బ్యాచిలర్ కుర్రాళ్ళు వస్తారు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు, బండి వచ్చే టైముకు ఇంట్లో ఉండరంతే. ఆ సందుకు సాయంత్రం ఒక ట్రిప్పు సాధించు. ఆరోగ్యాధికారి డీజిలు ఖర్చు లెక్కలు చెబుతాడు. కుప్ప ఎత్తడానికి రోజూ ట్రాక్టరు పంపే ఖర్చు పక్కన రాసి చూపించు. చెత్త అంటించి కాలబెట్టేవాళ్ళు దొరికితే మాత్రం మొహమాటపడకు. 2016 డిసెంబరులో హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000, పెద్దఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు వసూలు చెయ్యమంది.

"చెత్తపన్ను తీసేశారు కదా, ఇంకేంటి" అని కొందరంటారు. 2021లో పెట్టిన ఆ వసూలు 2024 చివర్లో రద్దయింది, నిజమే. ఆ వాదనలోకి దిగకు. డబ్బు అడగడంలేదని, డబ్బా మాత్రం అడుగుతున్నామని చెప్పి ముందుకు పో. పార్టీల మాట వస్తే నీకు అర్జంటు ఫోను వచ్చినట్టు నటించు.

మిద్దెతోటలున్నవాళ్ళు నీకు వరం. తొక్కలు ఇంట్లోనే మట్టికుండల్లో వేసి, మధ్యమధ్య ఎండాకులు పరిచి, పుల్లమజ్జిగ చల్లుకునేవాళ్ళు వీధికొకరుంటారు. వాసనొస్తే ఎండాకు తగ్గినట్టు, ఎండిపోతే నీళ్ళు తగ్గినట్టు, అంతే శాస్త్రం. అయితే దీన్ని అందరిమీదా రుద్దకు. ఒక గదిలో నలుగురుండే ఇంటికి కుండ పెట్టుకొమ్మని చెప్పడం అన్యాయం.

చివరగా లెక్కలు. యాప్‌లో నీ వార్డు నూటికి నూరు చూపించొచ్చు. అది బండి వచ్చిందని చెబుతుంది, చెత్త వేరుగా వచ్చిందని చెప్పదు. నువ్వు నమ్మాల్సింది కాటా చీటీ. తడిచెత్త ఎంత, పొడిచెత్త ఎంత, కలిసినది ఎంత అని బండివారీగా చీటీలు అడిగి నోటుబుక్కులో రాసుకో. మన ఊళ్ళ చెత్తలో బరువుప్రకారం దాదాపు సగం తడిదే ఉంటుంది. నీ బండి చీటీలో తడి వంతు మరీ తక్కువ కనిపిస్తే అది ఇంకెక్కడో కలిసి పోతున్నట్టే. ఆ బండి వెనకాల మళ్ళీ నడువు. ఊళ్ళకు ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ వాళ్ళు వచ్చే ముందు పదిరోజులు అందరూ పరిగెడతారు, నీ నోటుబుక్కు ఏడాదంతా నిండుతూ ఉంటే నువ్వు పరిగెత్తాల్సిన పనిలేదు.

ఈ నెల చీటీలన్నీ, ఆ మూడొందల ఇళ్ళ మ్యాపూ తీసుకుని వచ్చే ఆదివారం రా. పొడి గది ఏ ఇంటి దగ్గర నిండుతోందో మ్యాపుమీద పెన్సిలుతో గుర్తు పెట్టుకునిరా, బీటు ఎక్కడ రెండు ముక్కలు చెయ్యొచ్చో చూద్దాం. మధ్యాహ్నం మూడు దాటాక రా. అంతకుముందు మీ పెద్దమ్మను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

మీ పెద్దనాయన